మూడో తరం సూపర్ వైడ్ హీలియార్ 15 మి.మీ.: డిజిటల్ రేంజ్‌ఫైండర్‌పై సమీక్ష

రేంజ్‌ఫైండర్ కెమెరా (లెన్స్ గుండా కాక విడి కిటికీ గుండా చూసి, అందులోని రెండు బొమ్మలను కలిపి ఫోకస్ చేసేది) వాడేవారిలో ఎక్కువమంది 28, 35, 50 మి.మీ. లెన్సులతోనే సరిపెట్టుకుంటారు; ఈ అంకె తగ్గేకొద్దీ లెన్స్ ఎక్కువ వెడల్పు చూస్తుంది. చాలా లైకా ఎం కెమెరాల వ్యూఫైండర్‌లో ఫొటో హద్దులు చూపే ఫ్రేమ్ గీతలు 28 మి.మీ. దగ్గరే ఆగిపోతాయి కనుక ఇది సహజమే. ఆ హద్దు దాటి ఇంకా బాగా వెడల్పుగా తీయాలనుకుంటూ, లైకా లెన్సుల ధర భరించలేనివారికి, జపాన్‌కు చెందిన కొసీనా సంస్థ ఫోక్ట్‌లెండర్ పేరుతో తయారుచేస్తున్న సూపర్ వైడ్ హీలియార్ 15 మి.మీ. ఎఫ్/4.5 లెన్స్ 1999 నుంచి అందుబాటులో ఉంది. 2015లో వచ్చిన దాని మూడో తరాన్ని నేను లైకా ఎం టైప్ 240 కెమెరాపై వాడుతున్నాను. పాత ఎం9పై కూడా బిగించి చూశాను. ఇంత వెడల్పు లెన్స్‌ను డిజిటల్ రేంజ్‌ఫైండర్‌పై వాడదలచినప్పుడు ఏ తరం లెన్స్ కొంటున్నామన్నది అన్నిటికంటే పెద్ద ప్రశ్న అనీ, అది తేలాక మిగిలే అసలు కష్టం ఫోకస్‌లో కాక ఫ్రేమింగ్‌లో ఉందనీ నా అభిప్రాయం.

మొదట తరాల సంగతి చెప్పాలి. 1999 నాటి మొదటి లెన్స్ స్క్రూ మౌంట్‌తో (కెమెరాకు మరలా తిప్పి బిగించేలా) వచ్చింది, బరువు నూట ఐదు గ్రాములే, రేంజ్‌ఫైండర్‌తో దానికి అనుసంధానం లేదు, అంటే కిటికీలో చూసి ఫోకస్ చేయడం కుదరదు. రెండో తరానికి ఎం మౌంట్, రేంజ్‌ఫైండర్ అనుసంధానం వచ్చాయి గాని లోపలి గాజు అమరిక మారలేదు: ఆరు గుంపుల్లో ఎనిమిది గాజులు. మూడో తరంలో ఆ అమరికనే కొత్తగా గీశారు. తొమ్మిది గుంపుల్లో పదకొండు గాజులు, 247 గ్రాముల బరువు, ముందువైపు 58 మి.మీ. ఫిల్టర్ మర. మొదటి తరాన్ని చేతిలో పట్టుకున్నవారికి ఇది లావుగా, పొడవుగా అనిపిస్తుంది. ఆ లావుకు సరైన కారణం ఉంది.

లైకా ఎం మౌంట్ ముఖం నుంచి సెన్సర్‌కు దూరం 27.8 మి.మీ. మాత్రమే. మధ్యలో అద్దం ఎగిరే ఎస్ఎల్ఆర్ కెమెరాలలో, ఉదాహరణకు నికాన్ ఎఫ్ మౌంట్‌లో, అది 46.5 మి.మీ. ఉంటుంది. అద్దం లేకపోవడం వల్ల రేంజ్‌ఫైండర్ లెన్స్ తయారుచేసేవారు వెనుక గాజును ఫిల్మ్‌కు చాలా దగ్గరగా తీసుకురాగలిగారు; అందుకే ఆ కాలపు వైడ్ లెన్సులు చిన్నవిగా, వంకర గీతలు లేనివిగా ఉండేవి. ఫిల్మ్‌కు వెలుగు నిటారుగా పడినా ఏటవాలుగా పడినా పెద్ద తేడా లేదు. సెన్సర్ అలా కాదు. దాని మీద ఇన్‌ఫ్రారెడ్‌ను ఆపే గాజు పలక ఒకటి, దాని కింద ఒక్కో పిక్సెల్‌కు ఒక్కో సూక్ష్మ కటకం, దాని కింద రంగుల జల్లెడ ఉంటాయి. మూలల్లోకి వెలుగు బాగా ఏటవాలుగా వచ్చినప్పుడు అది ఆ పలకలో ఎక్కువ దూరం ప్రయాణిస్తుంది, ఒక పిక్సెల్‌కు చేరవలసింది పక్క పిక్సెల్‌లోకి జారుతుంది. ఫలితంగా ఫొటో అంచుల్లో గులాబీ, ఊదా, ఆకుపచ్చ ఛాయలు కమ్ముకుంటాయి, మూలల్లోని వివరం అలుక్కుపోతుంది.

పాత తరం 15 మి.మీ. లెన్స్‌ను ఎం9పై పెట్టి తెల్లగోడను తీస్తే ఇది ఎవరికైనా వెంటనే తెలుస్తుంది. గోడకు ఒక పక్క ఎర్రటి గులాబీ రంగు, రెండో పక్క నీలి ఆకుపచ్చ రంగు పులిమినట్టు ఉంటుంది. 2006 నాటి ఎం8లో సెన్సర్ చిన్నది కాబట్టి లెన్స్ 20 మి.మీ. లాగే ప్రవర్తించేది, చెడ్డ మూలలు ఫ్రేమ్‌లోకి వచ్చేవి కావు. 2009లో వచ్చిన ఎం9 పూర్తి 24×36 మి.మీ. సెన్సర్‌తో ఆ దాపరికం తీసేసింది. దీనికి అప్పటి నుంచీ కొన్ని ఉపాయాలు ఉన్నాయి. లెన్స్ అంచుపై, కెమెరా లెన్స్‌ను గుర్తుపట్టే ఆరు చుక్కల కోడ్ వేయడం ద్వారా గాని, మెనూలో 21 మి.మీ. లెన్స్‌నో, లైకా వారి 16-18-21 ట్రై ఎల్మార్‌నో ఎంచుకోవడం ద్వారా గాని కెమెరాలోపలి సవరణను పనిచేయించుకోవచ్చు. అదీ చాలకపోతే, లెన్స్ ముందు పాలరంగు ప్లాస్టిక్ పలక పెట్టి అదే అపెర్చర్‌లో మరో ఫొటో తీసి, దాన్ని ఆధారంగా చేసుకుని కార్నర్‌ఫిక్స్ అనే సాఫ్ట్‌వేర్‌లోనో లైట్‌రూమ్‌లోని ఫ్లాట్ ఫీల్డ్ సదుపాయంతోనో రంగు సరిదిద్దుకోవచ్చు. పాత లెన్స్ ఇప్పటికే చేతిలో ఉన్నవారికి ఇవి పనికొస్తాయి. బ్లాక్ అండ్ వైట్‌లోనే తీసేవారికైతే రంగు ఛాయల బెడదే లేదు. కాని కొత్తగా కొనేవారు ప్రతి ఫొటోకూ ఈ శ్రమను ఎందుకు నెత్తికెత్తుకోవాలి?

మూడో తరంలో వెలుగు సెన్సర్‌పై మరింత నిటారుగా పడేలా గాజులు అమర్చారు. లావు, బరువు పెరగడానికి కారణం అదే. నా టైప్ 240పై లెన్స్ డిటెక్షన్ (లెన్స్‌ను గుర్తించి సవరణ చేసే సదుపాయం) ఆపేసి, మబ్బు పట్టిన ఆకాశాన్ని, సున్నం వేసిన గోడలను తీసి చూశాను. రంగు మార్పు నా కంటికి ఆనలేదు. ఎం9పై ఒక పక్క లేత గులాబీ జాడ వెతికితే కనిపించింది, వెతకకపోతే కనిపించలేదు. ఈ ఒక్క గుణం కోసమే రెండో తరం ఎంత చవకగా దొరికినా వదిలేసి మూడో తరం కొనమని రంగుల ఫొటోలు తీసే ప్రతివారికీ చెబుతాను.

మూలల చీకటి మాత్రం పోలేదు, పూర్తిగా పోదు కూడా. 15 మి.మీ. లెన్స్‌లో ఫ్రేమ్ మధ్య నుంచి మూలకు కోణం సుమారు 55 డిగ్రీలు. పాతకాలపు సౌష్ఠవ నమూనాలో లెక్క ప్రకారం అక్కడికి చేరే వెలుగు మధ్యలో పడేదానిలో పదో వంతే. జైస్ వారి పాత హోలోగాన్ 15 మి.మీ. లెన్స్‌తో మధ్యలో నల్లగా, అంచులకు తేలికగా ఉండే ప్రత్యేక ఫిల్టర్ ఇచ్చింది ఇందుకే. ఈ హీలియార్‌లో ఎఫ్/4.5 వద్ద చీకటి స్పష్టంగా ఉంటుంది, ఎఫ్/8కి చాలావరకు తగ్గుతుంది. రా ఫైలులో (కెమెరా సవరణలు లేని ముడి ఫైలు) మూలల వెలుగును ఎత్తి సరిచేయవచ్చు గాని, ఐఎస్ఓ 1600 పైన తీసిన ఫొటోల్లో అలా ఎత్తితే మూలల్లో రవ్వ (నాయిస్) పైకి తేలుతుంది. నేను చాలా ఫొటోల్లో దాన్ని అలాగే ఉంచుతాను. చూపును మధ్యకు నడిపించడానికి అది పనికొస్తుంది.

ఇక ఫోకస్. రేంజ్‌ఫైండర్ అనుసంధానం 0.7 మీటర్ల వరకు పనిచేస్తుంది, లెన్స్ మాత్రం 0.5 మీటర్ల వరకు తిరుగుతుంది. నిజానికి ఆ అనుసంధానం అవసరమయ్యే సందర్భాలు చాలా తక్కువ. స్పష్టతకు సాధారణంగా వాడే ప్రమాణం ప్రకారం ఎఫ్/8లో ఫోకస్‌ను ఒక మీటర్ దగ్గర ఉంచితే అర మీటర్ నుంచి అనంతం దాకా స్పష్టంగా ఉండాలి. 24 మెగాపిక్సెళ్ల ఫైలును తెరపై పెద్దదిగా చేసి చూసేవారికి ఆ ప్రమాణం వదులుగా ఉంటుంది. దాన్ని రెండింతలు బిగిస్తే రెండు మీటర్ల దగ్గర ఉంచాలి, అప్పుడు మీటర్ నుంచి అనంతం దాకా నిఖార్సుగా వస్తుంది. నా లెన్స్ మీది దూరం స్కేలు దాదాపు ఎప్పుడూ రెండు మీటర్ల మీదే ఉంటుంది. హైదరాబాద్ లాడ్ బజార్‌లో గాజుల దుకాణాల మధ్య నడుస్తూ తీసేటప్పుడు కెమెరా కంటి దగ్గరకు చేరేలోపే అన్నీ సిద్ధంగా ఉంటాయి. ఏ ఆటోఫోకస్ కూడా అంతకన్నా వేగంగా ఉండలేదు. లైవ్ వ్యూలో అంచులను ఎర్రగా చూపే ఫోకస్ పీకింగ్ ఇక్కడ అక్కరకు రాదు. ఎఫ్/8లో తెరంతా ఎర్రబడుతుంది, ఏది ఎక్కువ స్పష్టమో తేల్చుకోలేము.

ఫ్రేమింగ్ దగ్గరే డబ్బు, ఓపిక రెండూ ఖర్చవుతాయి. కెమెరా సొంత వ్యూఫైండర్ ఈ లెన్స్ చూసేదానిలో చిన్న ముక్కను మాత్రమే చూపుతుంది. పైన ఫ్లాష్ బిగించే చోట 15 మి.మీ. ఆప్టికల్ వ్యూఫైండర్ పెట్టుకోవడం ఒక పద్ధతి, దాన్ని విడిగా కొనాలి. అందులో దృశ్యం చిన్నగా, మెరుస్తూ, చుట్టూ కొంచెం వంగి కనిపిస్తుంది. అది లెన్స్‌కు పైన ఉండటం వల్ల దగ్గరి వస్తువులు ఫొటోలో అనుకున్నదానికంటే పైకి జరుగుతాయి. అయినా వీధిలో నాకు అదే ఇష్టం, ఎందుకంటే కన్ను తీయకుండా ఎదురుచూడవచ్చు, చీకటి తెర అడ్డురాదు. రెండో పద్ధతి లైవ్ వ్యూ, లేదా అదే చోట బిగించే ఎలక్ట్రానిక్ వ్యూఫైండర్. ఇందులో అంచులు కచ్చితంగా తెలుస్తాయి. అయితే టైప్ 240లో ఒక్కో క్లిక్ తర్వాత తెర కాసేపు నల్లబడుతుంది, కదిలే మనుషులను పట్టుకోవడం కష్టం. రెండూ ఒకే చోట కూర్చుంటాయి కనుక ఒకేసారి పెట్టలేము. కట్టడాలకు, లోపలి గదులకు లైవ్ వ్యూ. బయట వీధికి ఆప్టికల్ వ్యూఫైండర్ అని నేను విడదీసుకున్నాను. లైవ్ వ్యూ లేని ఎం9 వాడేవారికి ఆప్టికల్ వ్యూఫైండర్ తప్పనిసరి ఖర్చు.

కెమెరాను సమతలంగా పట్టుకోవడం ఈ లెన్స్‌లో మొదటి నియమం. కొద్దిగా పైకి ఎత్తినా నిలువు గీతలు లోపలికి వాలిపోతాయి. చార్మినార్ ఎత్తును సుమారు 50 మీటర్లుగా తీసుకుంటే, కెమెరాను నిలువుగా, ఏమాత్రం ఎత్తకుండా పట్టుకుని మినార్ల చివరల దాకా ఇమడ్చడానికి 40 మీటర్ల దూరం చాలు. అదే పని 28 మి.మీ. లెన్స్‌తో చేయాలంటే 75 మీటర్ల వెనక్కి పోవాలి, అంతలో మధ్యలోకి బండ్లు, తీగలు, బోర్డులు అన్నీ వచ్చేస్తాయి. అయితే ఈ వరానికి ఒక షరతు ఉంది: ఫ్రేమ్ కింది సగమంతా నేల నిండిపోతుంది. అక్కడ తోపుడుబండో, తడి రాళ్లో, మనుషుల నీడలో ఉంటే ఫొటో నిలుస్తుంది. లేకపోతే ఆ సగం కత్తిరించవలసిందే.

వెడల్పు లెన్స్ అంటే అన్నీ ఇమిడిపోయేలా తీయడానికి అనుకునేవారు త్వరగా విసిగిపోతారు, ఎందుకంటే దూరంగా ఉన్నదంతా చీమంత అవుతుంది. దీని బలం దగ్గరికి వెళ్లడంలో ఉంది. లేపాక్షి నంది ముట్టెకు మీటర్ దూరంలో కెమెరా పట్టుకుంటే మెడలోని గంటల దండలు, మువ్వల చెక్కడం ఫ్రేమ్‌లోకి పొంగుకొస్తాయి, వీపు దూరంగా వెనక్కి సాగిపోతుంది. ఆ రాతి బరువు అప్పుడు ఫొటోలో తెలుస్తుంది. మనుషుల విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. మూలల్లో ఉన్న ముఖం పక్కకు సాగి గుమ్మడికాయలా కనిపిస్తుంది. అది లెన్స్ లోపం కాదు. సరళ రేఖలను సరళంగా ఉంచే ఏ వెడల్పు లెన్స్‌లోనైనా జరిగేదే. ముఖాలను ఫ్రేమ్ మధ్య మూడో వంతులో ఉంచి, మూలలను గోడలకు, నేలకు, ఆకాశానికి వదిలేయడం మేలు.

ఈ లెన్స్ విలువ నాకు పూర్తిగా తెలిసింది లేపాక్షి వీరభద్రాలయం మండపంలో. విజయనగర కాలపు వర్ణచిత్రాలు పైకప్పు నిండా ఉంటాయి, తల వెనక్కి వాల్చి చూస్తే ఒక్కో పట్టీనే చూడగలం. అక్కడి సిబ్బందిని అడిగి, నేలపై మడిచిన గుడ్డ పరిచి, దానిమీద కెమెరాను వెల్లకిలా పెట్టి, ఎఫ్/8, స్కేలు మూడు మీటర్లు, రెండు సెకన్ల టైమర్‌తో తీశాను. తెర నేలవైపు ఉంటుంది కనుక లైవ్ వ్యూ పనికిరాదు, వ్యూఫైండర్ కూడా పనికిరాదు. నాలుగు స్తంభాల మధ్య బిందువును కంటితో అంచనా వేసి పెట్టుకోవాలి. ఇలా తీసినప్పుడు ఫ్రేమ్ వెడల్పు పైకప్పు ఎత్తుకు సుమారు రెండున్నర రెట్లు ఉంటుంది. దూలాల అంచులు గీత గీసినట్టు నిటారుగా వచ్చాయి, చీరల మీది అచ్చులు, కిరీటాల పైన పూసలు ఫ్రేమ్ మధ్య నుంచి మూలకు కొంచెం ఇవతలి వరకు విడివిడిగా కనిపించాయి. చిట్టచివరి మూలల్లో ఆ పదును తగ్గింది, ఎఫ్/11కి పోయినా పూర్తిగా రాలేదు.

వాడకంలో మరికొన్ని విషయాలు. ఆకాశం ఎక్కువగా చొరబడటం వల్ల వెలుగును కొలిచే కెమెరా మీటర్ మోసపోయి ఫొటో చీకటిగా వస్తుంది. కెమెరాను కిందికి వంచి, షట్టర్ బటన్ సగం నొక్కి కొలతను పట్టుకుని, తిరిగి ఫ్రేమ్ పెట్టుకుంటే సరిపోతుంది. సూర్యుడు ఫ్రేమ్‌లో ఉన్నా కాంతి మచ్చలు అరుదు. పది రేకుల అపెర్చర్ వల్ల ఎఫ్/11 దాటాక దీపాల చుట్టూ పది కిరణాల చుక్కలు వస్తాయి, శుభ్రంగా, పదునుగా ఉంటాయి. 58 మి.మీ. మర ఉందని పోలరైజర్ ఫిల్టర్ కొనవద్దు: మూల నుంచి మూలకు 110 డిగ్రీల వెడల్పులో ఆకాశం ఒక చోట ముదురు నీలంగా, మరో చోట పాలిపోయి పట్టీలు పట్టీలుగా వస్తుంది.

దీనికి పోటీగా లైకా ట్రై ఎల్మార్ ఉంది. మూడు ఫోకల్ దూరాలు, మెరుగైన మూలలు, ధర మాత్రం ఎన్నో రెట్లు. జైస్ 15 మి.మీ. ఎఫ్/2.8 వెలుగు ఎక్కువ ఇస్తుంది గాని పెద్దది, రేంజ్‌ఫైండర్ అనుసంధానం లేదు. 21 మి.మీ. లెన్స్ లేనివారు ముందు అది కొనడం మంచిది, రోజువారీ పనికి అదే ఎక్కువ ఉపయోగపడుతుంది. 21 కూడా ఇరుకుగా అనిపించే కట్టడాల ఫొటోగ్రాఫర్లకు, వీధిలో చేయిచాచే దూరంలో పనిచేసేవారికి ఈ హీలియార్‌ను నిస్సంకోచంగా సూచిస్తాను. పాతది కొనేటప్పుడు ఫిల్టర్ మర కొలత అడగండి; 58 మి.మీ. అయితేనే అది మూడో తరం. డబ్బు ఇచ్చేముందు మీ కెమెరాకే బిగించి తెల్లటి గోడను ఎఫ్/8లో ఒక ఫొటో తీసి, నాలుగు మూలలూ ఒకే పదునుతో, ఒకే రంగుతో ఉన్నాయో లేదో తెరపై పెద్దదిగా చేసి చూసుకోండి.