బ్రేక్ డిస్క్ మీది చిన్న స్క్రూలు: ఎలా విప్పితే మేలు, మళ్లీ బిగించాలా వద్దా?

హోండా సిటీకో, హ్యుందాయ్ ఐ20కో ముందు బ్రేక్ డిస్కులు మార్చడం కాస్త చేయి తిరిగినవాళ్లకు పెద్ద పనేం కాదు. చక్రం తీస్తారు, కాలిపర్ (ప్యాడ్లను డిస్క్‌కు అదిమే భాగం) తీస్తారు, దాని బ్రాకెట్‌ను పట్టుకున్న రెండు బోల్టులు విప్పుతారు. అవి లావుగా, బిగువుగా ఉంటాయి కానీ పొడుగు పానా వేసి గట్టిగా లాగితే వచ్చేస్తాయి. పని ఆగిపోయేది వేరే చోట. డిస్క్ ముఖం మీద, చక్రం నట్ల మధ్యలో, స్టార్ గాడి ఉన్న రెండు చిన్న స్క్రూలు ఉంటాయి. అరగంట పనిని అరపూట పని చేసేవి అవే.

హోండాలో ఈ స్క్రూ లావు 6 మి.మీ., పొడవు 14 మి.మీ. కంపెనీ దీన్ని బిగించమనేది 9.8 న్యూటన్ మీటర్లకు, అంటే పాత లెక్కలో ఒక కేజీ-మీటరు. చేత్తో స్క్రూడ్రైవర్ పట్టుకుని కాస్త గట్టిగా తిప్పితే చాలు. మరి ఇంత తేలిగ్గా బిగించినది నాలుగైదేళ్లకు ఎందుకంత మొండికేస్తుంది? కారణం దాని తల ఆకారం. తల అడుగుభాగం ఏటవాలుగా ఉండి, డిస్క్‌లో అదే ఏటవాలుతో చెక్కిన గుంటలో కూర్చుంటుంది. ఆ రెంటి నడుమ తుప్పు పుడుతుంది. తుప్పు తాను పుట్టిన ఇనుము కన్నా ఎక్కువ చోటు తీసుకుంటుంది కాబట్టి, సీసాకు బిగుసుకున్న గాజు బిరడాలా తల గుంటలో పట్టేస్తుంది. లోపల హబ్‌లో (డిస్క్, చక్రం బిగించే దిమ్మలో) ఉన్న మరకు నీళ్లు అంతగా తగలవు, అక్కడ పట్టు తక్కువే. ఈ ఒక్క సంగతి మనసులో ఉంచుకుంటే కింది పద్ధతుల్లో ఏది ఎందుకు మేలో సులువుగా తెలుస్తుంది.

విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి ఉప్పుగాలి ఊళ్లలో ఈ పట్టు మరీ ఎక్కువ. చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లే షికాగో, టొరాంటో వైపు ఉండి సొంతంగా కారు పని చేసుకునే మనవాళ్లకైతే దీని గురించి చెప్పక్కర్లేదు.

విప్పడానికి ఏది మేలు?

ముందు మామూలు స్క్రూడ్రైవర్ సంగతి తేల్చేద్దాం. వద్దు. "ఒకసారి ప్రయత్నించి చూద్దాం" అని కూడా వద్దు, ఎందుకంటే ఆ ఒక్కసారికే గాడి పాడవుతుంది. ఇళ్లలో ఉండే స్టార్ స్క్రూడ్రైవర్లు ఎక్కువగా రెండో నంబర్‌వి. ఈ స్క్రూకి కావలసింది మూడో నంబర్. రెండో నంబర్‌ది గాడిలో దూరుతుంది, పట్టినట్టే అనిపిస్తుంది, కానీ అంచులకు ఆనదు. పైగా స్టార్ గాడి గోడలు ఏటవాలుగా ఉంటాయి, బలం పెట్టేకొద్దీ బిట్టు పైకి తన్నుకొస్తుంది. అలా రెండుసార్లు జారితే గాడి గుండ్రంగా అరిగి, ఇక ఏ బిట్టూ పట్టదు. హోండాలాంటి జపాన్ కార్లలో గాడి జపాన్ ప్రమాణం ప్రకారం ఉంటుంది. చూడ్డానికి మామూలు ఫిలిప్స్ లాగే ఉన్నా కొలతల్లో కాస్త తేడా. చాలాసార్లు తల మీద చిన్న చుక్క గుర్తు ఉంటుంది. జపాన్ కొలత బిట్టు దొరికితే అదే వాడండి, అడుగుదాకా దిగి కూర్చుంటుంది. దొరకకపోతే మూడో నంబర్ ఫిలిప్స్ బిట్టు కొత్తది, మొన అరగనిది తీసుకోండి.

నా ఓటు సుత్తితో కొట్టే ఇంపాక్ట్ డ్రైవర్‌కి. లావు ఇనప పిడి, కొసన బిట్టు, లోపల ఏటవాలు గాడి ఉన్న కామ్. వెనక నుంచి సుత్తితో కొడితే ఆ దెబ్బ రెండుగా పని చేస్తుంది: బిట్టును గాడిలోకి అదుముతుంది, అదే క్షణంలో కాస్త తిప్పుతుంది. బిట్టు పైకి తన్నుకొచ్చే సమయమే ఉండదు. దెబ్బ అదురుకు తల దగ్గరి తుప్పు పొర కూడా చిట్లుతుంది. ఈ పరికరం కోసం ఎక్కడెక్కడో వెతకనక్కర్లేదు. యమహా ఆర్‌ఎక్స్ 100 ఇంజిన్ కవర్ల స్క్రూలు విప్పిన పాత బైక్ మెకానిక్ ఎవరి దగ్గరైనా ఉంటుంది. "అన్నా, ఒక గంట ఇస్తావా" అంటే ఇచ్చేస్తారు.

వాడే తీరు ముఖ్యం. కాలిపర్ తీయకముందే ఈ స్క్రూల పని పట్టండి. కాలిపర్ ఉండగా ఎవరైనా సీట్లో కూర్చుని బ్రేక్ పెడల్ తొక్కి పట్టుకుంటే డిస్క్ కదలదు. కాలిపర్ తీసేశాక మొదలుపెడితే దెబ్బ కొట్టినప్పుడల్లా డిస్క్ తిరిగిపోతుంది, దెబ్బ బలం సగం వృథా. గాడిలోని తుప్పు, మట్టి సన్న మేకుతో గీకి శుభ్రం చేయండి. బిట్టు గాడిలో పెట్టి చిన్న దెబ్బ ఒకటి వేయండి, అది పూర్తిగా కూర్చోవడానికి. డ్రైవర్ విప్పే దిక్కుకే సెట్ అయి ఉందో లేదో చూసుకోండి. బిగించే దిక్కున ఉంచి బాదితే ఉన్న కష్టం రెట్టింపవుతుంది. తర్వాత పిడిని ఎడమకు తిప్పి బిగబట్టి, కేజీ సుత్తితో నిటారుగా కొట్టండి. చాలా స్క్రూలు రెండు మూడు గట్టి దెబ్బలకే "టిక్" మని వదులుతాయి. చేతికి తెలుస్తుంది. ఆపైన మామూలు స్క్రూడ్రైవర్‌తోనే తీసేయొచ్చు.

ఇందులో ఒక హెచ్చరిక ఉంది. కొట్టే దెబ్బ హబ్ మీదుగా వీల్ బేరింగ్‌కి చేరుతుంది. కాబట్టి సమ్మెట తీసుకుని పదే పదే బాదొద్దు. ఏడెనిమిది మంచి దెబ్బలకు కదలకపోతే అక్కడితో ఆపి వేరే దారి చూడాలి.

బ్యాటరీతో నడిచే ఇంపాక్ట్ డ్రైవర్ దీనికి పోటీ ఇస్తుందా? ఇస్తుంది, కానీ రెండో స్థానమే. అదురు బాగానే ఉంటుంది, అయితే అది తిప్పుతుందే తప్ప లోపలికి అదమదు. అదిమే పని మీ ఒంటి బరువుతో మీరే చేయాలి. నేల మీద మోకాళ్ల మీద కూర్చుని, మిషన్‌ను నిటారుగా పట్టుకుని, మొత్తం బరువు దాని మీద వేయడం కుదరకపోతే క్షణంలో గాడి నున్నగా అవుతుంది. కారు లిఫ్ట్ మీద ఛాతీ ఎత్తులో ఉండే వర్క్‌షాపులో మాత్రం దీని వేగం దీనిదే.

తుప్పు వదిలించే నూనె ముందురోజు రాత్రి కొడితే కొంత లాభమే, నష్టం లేదు. కాకపోతే పట్టు ఏటవాలు తల చుట్టూ ఉంటుంది, నూనె అందులోకి దూరేది అరకొరగానే. దాన్ని సాయంగా చూడండి, మందుగా కాదు. పాత డిస్కునే తిరిగి వాడేట్టయితే ఆ నూనె ప్యాడ్లు రాసుకునే ముఖానికి అంటకూడదు.

గ్యాస్ టార్చ్‌తో వేడి చేయడం నాకు నచ్చదు. వెనకే బేరింగ్ గ్రీజు, రబ్బరు సీలు, ఏబీఎస్ సెన్సర్ తీగ ఉన్నాయి. ఆ చిన్న స్క్రూ కోసం బేరింగ్‌ను పణంగా పెట్టడం ఏం లెక్క?

డ్రిల్లు అంటే భయపడక్కర్లేదు

గాడి పూర్తిగా పోయినప్పుడు చాలామంది ఉలి తీస్తారు. తల అంచున చిన్న గాటు పెట్టి, ఉలిని ఏటవాలుగా ఆన్చి ఎడమ దిక్కుకు కొట్టడం ఆటోనగర్లలో రోజూ చూసే పద్ధతే. పట్టు మితంగా ఉంటే వస్తుంది. డిస్క్ మీద గీతలు పడతాయి, పడేసే డిస్కే కాబట్టి ఫర్వాలేదు. కానీ రాకపోతే తల అంచులు చితికిపోయి, తర్వాత డ్రిల్లు బిట్టు నిలవడానికి సరైన చోటు ఉండదు. అందుకే నేను ఉలి జోలికి పోకుండా నేరుగా డ్రిల్లు చేయమంటాను.

డ్రిల్లు అనగానే హబ్ పాడవుతుందని భయం. ఇక్కడ తొలిచేది తలనే, మరను కాదు. తల మధ్యలో సెంటర్ పంచ్‌తో చుక్క పెట్టండి. గాడి మధ్యలోనే ఉంటుంది కాబట్టి ఆ పని తేలికే. ముందు 3 మి.మీ. బిట్టుతో చిన్న రంధ్రం, తర్వాత 7 లేదా 8 మి.మీ. బిట్టు. నెమ్మది వేగం, మధ్యమధ్య చుక్క నూనె, కళ్లకు అద్దాలు. నాలుగు మి.మీ. లోతు దాటనవసరం లేదు. ఆ లోపే తల మెడ దగ్గర తెగి ఉంగరంలా బిట్టు చుట్టూ తిరగడం మొదలుపెడుతుంది. అది కనపడగానే ఆపేయాలి.

అసలు విశేషం ఆ తర్వాత. డిస్క్ లాగేశాక హబ్ మీద స్క్రూ మొండెం మూడు మి.మీ. పైకి కనపడుతుంది. దాన్ని లాక్ అయ్యే ప్లయర్‌తో పట్టి తిప్పితే తరచూ ఏ మొండితనమూ లేకుండా వచ్చేస్తుంది. తల పోయింది, తలతోపాటు పట్టూ పోయింది. సుత్తికి కదలని స్క్రూ ఇలా రావడం చూస్తే, మొదట చెప్పిన ఏటవాలు తల సంగతి కళ్లకు కట్టినట్టు అర్థమవుతుంది.

కాబట్టి వరస ఇది: మూడో నంబర్ బిట్టుతో చేతి ఇంపాక్ట్ డ్రైవర్, అది ఓడితే డ్రిల్లు.

స్క్రూలు వచ్చినా డిస్క్ హబ్‌కు అతుక్కుని రాకపోవచ్చు. డిస్క్ ముఖం మీదే మర ఉన్న ఇంకో రెండు రంధ్రాలు ఉంటాయి చూడండి. వాటిలో 8 మి.మీ. బోల్టులు రెండు వేసి, ఒక్కోదాన్ని పావు చుట్టు చొప్పున మార్చి మార్చి బిగిస్తే డిస్క్ తనంతట తాను బయటికి నెట్టుకొస్తుంది. ఒకేదాన్ని బిగించుకుంటూ పోతే డిస్క్ వంకరపోతుంది.

మళ్లీ బిగించాలా, వదిలేయాలా?

ఇక్కడే అసలు వాదన. "అవి లేకపోయినా ఏం కాదు సార్, చక్రం నట్లే పట్టుకుంటాయి" అని మెకానిక్‌లు చాలామంది పక్కన పడేస్తారు. వాళ్ల మాటలో నిజముంది. లెక్క చూద్దాం. హోండా చక్రం నట్టు 12 మి.మీ. లావు, బిగింపు 108 న్యూటన్ మీటర్లు. ఆ బిగువుకు ఒక్కో నట్టు డిస్క్‌ను హబ్‌కు అదిమే బలం సుమారు నాలుగున్నర టన్నులు. నాలుగు నట్లకు 18 టన్నులు. ఈ చిన్న స్క్రూలు రెండూ కలిసి అదిమేది ఒకటిన్నర టన్నుల చిల్లర. బ్రేక్ వేసినప్పుడు భారమంతా మోసేది నట్లే. చాలా టొయోటా కార్లలో ఈ స్క్రూలే ఉండవు, వాటి బ్రేకులకు ఏ లోటూ లేదు. కాబట్టి స్క్రూలు లేకుండా నడిపితే బ్రేక్ ఫెయిలవుతుందన్న భయం అక్కర్లేదు.

అయినా నేను బిగించమనే చెబుతాను. స్క్రూల పని చక్రం ఉన్నప్పుడు కాదు, చక్రం తీసినప్పుడు. హైవే పక్కన పంక్చరైంది, చక్రం తీశారు. డిస్క్‌ను హబ్‌కు అదిమే నట్లు లేవు కాబట్టి అది కొద్దిగా ఒరుగుతుంది. ఆ సందులోకి హబ్ అంచు నుంచి తుప్పు పెచ్చు ఒకటి, లేదా ఇసుక రేణువు జారుతుంది. స్టెప్నీ బిగించి వెళ్లిపోతారు. ఆ పెచ్చు 0.05 మి.మీ. ఉన్నా చాలు. హబ్ అంచున అంత ఎత్తు తేడా ఉంటే, దానికి రెట్టింపు వెడల్పున్న డిస్క్ అంచుకు చేరేసరికి 0.10 మి.మీ. ఊగిసలాట అవుతుంది. చాలా కార్లకు కంపెనీలు ఒప్పుకునే హద్దు 0.10 లోపే, కొన్నిటికి అందులో సగం కూడా లేదు. వెంటనే ఏమీ తెలియదు. కొన్ని వేల కిలోమీటర్లు నడిచాక డిస్క్ మందం ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువగా అరిగి, వేగం మీద బ్రేక్ తొక్కినప్పుడు స్టీరింగ్ వణకడం మొదలవుతుంది. అప్పుడు "డిస్క్ బెండైంది, లేత్ పట్టించాలి" అంటారు. పంక్చర్ పడిన రోజు ఎవరికీ గుర్తుకు రాదు.

ఇక ఫోక్స్‌వ్యాగన్ పోలో, స్కోడా కార్ల వాళ్లకు ఇందులో రెండో మాటే లేదు. వాటికి హబ్ మీద స్టడ్లు (నట్లు ఎక్కించే మర కాడలు) ఉండవు, చక్రాన్ని బోల్టులతో బిగిస్తారు. బోల్టులు తీస్తే డిస్క్‌ను పట్టుకునేది ఆ ఒక్క చిన్న టార్క్స్ (ఆరు కొనల గాడి) స్క్రూనే. అది లేకపోతే డిస్క్ తిరిగిపోయి, చక్రం రంధ్రం, డిస్క్ రంధ్రం, హబ్ రంధ్రం ఒక వరసకు రావు. రాత్రిపూట వానలో చక్రం ఎత్తి పట్టుకుని ఆ మూడింటినీ కలపడం ఎంత నరకమో పడ్డవాళ్లకు తెలుసు.

పాత స్క్రూ వేయాలా, కొత్తదా? గాడి కొద్దిగా అరిగినా పాతది పారేయండి. డిస్కులు కొనేటప్పుడే నాలుగు కొత్తవి అడిగి తీసుకుంటే సరి, ఖర్చు డిస్క్ ధరలో లెక్కలోకి రాదు. కంపెనీ స్క్రూకి బదులు అదే కొలతలో ఏటవాలు తల ఉన్న టార్క్స్ స్క్రూ వేసుకునేవాళ్లూ ఉన్నారు, నాకిది బాగా నచ్చింది. 6 మి.మీ. స్క్రూకి టీ30 బిట్టు పడుతుంది, గాడి గోడలు నిటారుగా ఉంటాయి, బిట్టు జారదు. అదే కొలత అలెన్ స్క్రూకి 4 మి.మీ. కీ. తుప్పు పడితే ఆ చిన్న ఆరుపలకల గాడి గుండ్రమైపోతుంది, కాబట్టి టార్క్స్ తర్వాతే అలెన్. ఏది వేసినా పొడవు 14 మి.మీ. దాటకూడదు, తల డిస్క్ ముఖం కన్నా పైకి రాకూడదు. వస్తే చక్రం సమంగా కూర్చోదు.

బిగించే ముందు హబ్ ముఖాన్ని వైర్ బ్రష్‌తో మెరిసేదాకా రుద్దండి. స్క్రూ మరకూ, తల కింది ఏటవాలుకూ రాగి రంగు యాంటీ సీజ్ పేస్టు (తుప్పుకు పట్టేయకుండా చేసేది) పలచగా రాయండి. మామూలు గ్రీజు వద్దు. కొండ దిగుతూ బ్రేక్ తొక్కినప్పుడు డిస్క్ వేడికి అది కరిగి ప్యాడ్ల వైపు జారుతుంది. చక్రం స్టడ్లకు ఆ పేస్టు అంటనివ్వొద్దు, నట్ల బిగువు లెక్క తప్పుతుంది. డిస్క్ పెట్టి, రెండు స్క్రూలూ ముందు వేళ్లతో ఎక్కించి, తర్వాత చేతి స్క్రూడ్రైవర్‌తో బిగించండి. ఇంపాక్ట్ డ్రైవర్ విప్పడానికే, బిగించడానికి కాదు. ఆపైన బ్రాకెట్, ప్యాడ్లు, కాలిపర్, చక్రం. నట్లు ఎదురెదురుగా బిగించి, కారు కదపకముందే బ్రేక్ పెడల్ గట్టిపడేదాకా తొక్కండి.