జిప్సీ మాత్: ఏళ్ల తరబడి నడిపాక నా మాట

డీహెచ్.60జీ జిప్సీ మాత్ అంటే రెక్కలు పైనొక జత, కిందొక జత ఉండే రెండు సీట్ల పాతకాలపు చిన్న విమానం. ఇంగ్లండ్‌లో కొందరం వాటాలు వేసుకుని ఉంచుకున్న ఒకదాన్ని చాలా ఏళ్లుగా నడుపుతున్నాను. ఊళ్లు తిరగడానికి ఇది పనికొస్తుందా అని అడిగేవాళ్లకు నా జవాబు ఒకటే. భేషుగ్గా పనికొస్తుంది, కానీ ఇద్దరుండాలి, చీకటి పడేలోగా ఫలానా చోట ఉండితీరాలన్న తొందర ఉండకూడదు.

పై రెక్క మధ్యలోని ట్యాంకులో దాదాపు 86 లీటర్ల పెట్రోలు పడుతుంది. గంటకు 135 కిలోమీటర్ల వేగంతో, గాలి లేని రోజు, లెక్క ప్రకారం 500 కిలోమీటర్లు వెళ్లొచ్చు. నేను మాత్రం రెండు గంటలకు మించి ఆగకుండా పోను. ఎదురుగాలి గట్టిగా ఉంటే కింద మోటార్‌వే మీది కార్లు మనతో సమానంగా వస్తుంటాయి. కాక్‌పిట్‌కు కప్పు లేదు, జూలైలో కూడా వేళ్లు కొంకర్లు పోతాయి. అయినా పోఫమ్ ఎయిర్‌ఫీల్డ్ నుంచి కాంప్టన్ అబ్బస్ ఎయిర్‌ఫీల్డ్ వైపు పొలాల మీదుగా తక్కువ ఎత్తులో పోతుంటే నాకు ఇంకో విమానం గుర్తురాదు.

దిగడానికి గడ్డి నేలే మంచిది. చక్రాలకు బ్రేకుల్లేవు, తోక కింద చక్రం బదులు స్కిడ్ ఉంది. అది నేలను గీరుకుంటూ పోతేనే బండి ఆగుతుంది. కాంక్రీటు మీద అడ్డగాలి వీస్తే తోడొచ్చిన మనిషి దిగి రెక్క పట్టుకుని నడవాల్సిందే. పైలట్ కూర్చునేది వెనక సీట్లో. నేల మీద ఉన్నంతసేపూ ముక్కు అడ్డొస్తుంది, వంకరటింకరగా పోతూ పక్కనుంచి చూసుకోవాలి. స్టార్టర్ లేదు, ప్రొపెల్లర్‌ను చేత్తో తిప్పి ఇంజిన్ అంటించాలి. ఒకరు స్విచ్‌ల దగ్గర, ఒకరు ప్రొపెల్లర్ దగ్గర, ఒకరన్న మాట రెండోవారు తిరిగి చెప్పాకే చెయ్యి వెయ్యాలి. ఇద్దరుండాలన్నది అందుకే.

విమానాన్ని పక్కకు ఒరిగించే ఐలరాన్లు, అంటే రెక్క వెనక అంచున కదిలే పలకలు, కింది రెక్కలకే ఉన్నాయి కాబట్టి మెల్లగా ఒరుగుతుంది. ముక్కును పక్కలకు తిప్పే తోక పలక రడ్డర్, దాన్ని వాటితో సరిగా కలపకపోతే చెంపకు తగిలే గాలే ఆ సంగతి చెబుతుంది. నాకు విమానం నడపడం నిజంగా నేర్పింది ఆ గాలే.

ఫ్రాంక్ హాల్ఫర్డ్ రూపొందించిన నాలుగు సిలిండర్ల ఇంజిన్, 100 హార్స్‌పవర్. వాల్వులను తెరిచే చిన్న మీటలు, రాకర్లు, బయటికే ఉంటాయి, గ్రీజు గన్ చేతికి దూరంగా పెట్టకూడదు. స్పార్క్ ప్లగ్గులు అదనంగా తీసుకెళ్లాలి. 1930లో ఇంగ్లండ్, ఇండియాల మధ్య ఒంటరిగా ఎగిరే భారతీయుడికి ఆగాఖాన్ ప్రకటించిన బహుమతి కోసం, ఇంగ్లండ్ నుంచి ఇండియాకు జిప్సీ మాత్‌లో బయల్దేరిన పైలట్ ఆస్పీ ఇంజనీర్ (ఇంజనీర్ అన్నది ఇంటిపేరు) ఈజిప్టులోని అబూకిర్‌లో ప్లగ్గులు లేక చిక్కుకున్నాడు. ఇండియా నుంచి అలాంటి విమానంలోనే ఎదురొస్తున్న పోటీదారు జేఆర్‌డీ టాటా తన దగ్గరున్నవి ఇచ్చాడు. గెలిచింది ఆస్పీ. దారిలో అవతలివాడి ఇంజిన్‌ను తన ఇంజిన్‌లాగే చూసుకునే ఆ పద్ధతి మాత్‌లు నడిపేవాళ్లలో నేను ఇప్పటికీ చూస్తున్నాను.

రెక్కలు వెనక్కి మడిస్తే వెడల్పు సుమారు మూడు మీటర్లే. విమానాల షెడ్డులో, అంటే హ్యాంగర్‌లో, తక్కువ చోటు పట్టి అద్దె బాగా కలిసొస్తుంది. మడిచే ముందు రెక్కల మధ్య తాత్కాలిక ఊతకర్రలు (స్ట్రట్లు) బిగించడం తప్పనిసరి.

ఒళ్లంతా చెక్క, ప్లైవుడ్, గుడ్డ. దీనికి శత్రువు తేమ. కొనదలిస్తే రంగు చూసి మురిసిపోకండి, జిగురు అతుకులు తెలిసిన ఇంజనీరు చేత లోపలిదాకా చూపించండి. పొడిగా ఉండే హ్యాంగర్ దొరికాకే బయానా ఇవ్వండి.