పీస్ నదిలో శిలాజాల వేట: తవ్వకం బాగుంది, గుర్తింపే బాగాలేదు

ఫ్లోరిడాలోని ఆర్కేడియా పరిసరాల్లో పీస్ నదికి శిలాజాల సేకరణ కోసం తీసుకువెళ్ళే ఒక గైడు సేవను, మూడు వేళ్ల గుర్రాల దంతాలు దొరుకుతాయన్న ఆశతో ఈ శీతాకాలంలో కుటుంబసమేతంగా ఉపయోగించుకున్నాము. వానలు తగ్గి నది పలచబడే నెలలు కాబట్టి చాలాచోట్ల నీరు మోకాళ్ళ లోతే ఉంది. (మొసళ్ళ సంగతి మా అత్తగారికి ముందుగా చెప్పలేదు.)

ఏర్పాట్లకు వంక పెట్టలేను. పడవలు, పారలు, జల్లెడలు వారే సమకూర్చారు. వట్టి ఇసుకలో శ్రమ వృథా చేసుకోకుండా, పార మొనకు గులకరాళ్ళు గరగరమని తగిలే చోటనే తవ్వాలని పిల్లలకు కూడా ఓపికగా నేర్పారు.

పేచీ అంతా దొరికినవాటిని గుర్తించే దగ్గరే వచ్చింది. ఈ నది వేర్వేరు యుగాల పొరలను కోసి కలిపేస్తుంది కాబట్టి, మంచు యుగానికి చాలా ముందటి మయోసీన్ యుగం నాటి మూడు వేళ్ల గుర్రం దంతమూ, మంచు యుగపు ఒంటి డెక్క గుర్రం దంతమూ ఒకే జల్లెడలో పడవచ్చు. ఫాస్ఫేటు నేల ప్రభావంతో రెండూ నల్లగానే ఉంటాయి కనుక రంగును బట్టి కాలాన్ని చెప్పలేము. మా గైడు మాత్రం ప్రతి దంతాన్నీ మంచు యుగానికే కట్టబెట్టారు. పై దవడ దంతాన్ని నమిలే వైపు నుంచి చూసినప్పుడు, నాలుక వైపు అంచున ఎనామెల్ చుట్టిన భాగం మిగతా దంతంతో కలవకుండా ద్వీపంలా విడిగా ఉంటే, అది మూడు వేళ్ల హిప్పారియన్ వర్గానిది. ఒంటి డెక్క గుర్రాల ప్రజాతి అయిన ఈక్వస్‌లో ఆ భాగం సన్నని మెడతో అతుక్కుని ఉంటుంది. నానిప్పస్ వంటి చిన్న మూడు వేళ్ల గుర్రాల దంతాలైతే పరిమాణంలోనే తేడా కనిపిస్తుంది. మాకు దొరికిన ఒక చిన్న దంతంలో ఆ ద్వీపం స్పష్టంగా ఉన్నా, గైడు దాన్ని పిల్ల గుర్రానిదని తేల్చేశారు. కింది దవడ దంతాలకు ఈ గుర్తు పనికిరాదు, అక్కడ పొరబడితే అర్థం చేసుకోగలను.

అనుమతి పత్రం గురించి ముందుగా చెప్పకపోవడం రెండో లోపం. ప్రభుత్వ భూముల్లో, నదీగర్భాల్లో వెన్నెముక జీవుల శిలాజాలు ఏరుకోవడానికి ఫ్లోరిడా సహజ చరిత్ర మ్యూజియం ఏడాదికి 5 డాలర్లకు అనుమతి ఇస్తుంది. సొర చేపల పళ్ళకు మాత్రం అది అక్కరలేదు. దొరికినవాటి జాబితా మ్యూజియానికి పంపాలి.

పిల్లలతో సరదాగా వెళ్ళేవారికి ఈ సేవ ఐదింటికి నాలుగు. గుర్రాల కోసమే వెళ్ళేవారికి రెండు. అలాంటివారు చేతి భూతద్దమూ, మ్యూజియం వెబ్‌సైటులోని గుర్రపు దంతాల చిత్రాలూ వెంట తీసుకువెళ్ళడం మంచిది.