టైమర్ వదిలేయండి, ఫోకస్ మోడ్ పెట్టుకోండి: ఆండ్రాయిడ్ డిజిటల్ వెల్‌బీయింగ్ రివ్యూ

"ఫోన్ పక్క గదిలో పడేయ్, పని దానంతటదే అవుతుంది" అని సలహా ఇచ్చేవాళ్లెవరూ జీఎస్టీ రిటర్నులు వేసి ఉండరు. నెలనెలా 11కి జీఎస్టీఆర్-1 (అమ్మకాల రిటర్ను), 20కి 3బి (పన్ను కట్టే రిటర్ను), ఈ మధ్యలో క్లయింట్లు వాట్సాప్‌లో బిల్లుల ఫోటోలు పంపుతూనే ఉంటారు, ఫైల్ చేద్దామంటే ఓటీపీ కావాలి, అది వాళ్ల ఫోన్‌కి వస్తుంది, వాళ్లు మనకి ఫోన్ చేసి చెప్పాలి. కాబట్టి ఫోన్ చేతికందేంత దూరంలో ఉండాల్సిందే. ఓటీపీ కోసం ఎత్తిన ఫోన్‌లో రీల్స్ తెరుచుకోవడానికి ఎంతసేపు కావాలి?

నాకు కావాల్సింది ఫోన్ మొత్తాన్ని కాకుండా అందులో కొన్నింటినే మూసేసేది. అది ఆండ్రాయిడ్‌లోనే ఉంది, పైసా పెట్టక్కర్లేదు. సెట్టింగ్స్‌లోకి వెళ్లి డిజిటల్ వెల్‌బీయింగ్ అని వెతకండి. గూగుల్ 2018లోనే తెచ్చినా చాలామంది ఒకసారి తెరిచి, రోజుకి ఎన్ని గంటలు చూస్తున్నామో తెలుసుకుని, గిల్టీగా ఫీలై మూసేస్తారు.

అందులో అందరూ ముందు నొక్కేది యాప్ టైమర్. ఇన్‌స్టాగ్రామ్‌కి రోజుకి 30 నిమిషాలు అని పెడితే, అవి అయిపోగానే ఐకాన్ బూడిద రంగులోకి మారి యాప్ ఆగిపోతుంది, మళ్లీ అర్ధరాత్రి దాటాకే తెరుచుకుంటుంది. వినడానికి బాగుంది. కానీ ఆ 30 నిమిషాలు ఎప్పుడు వాడాలో అది చెప్పదు, పొద్దున పని మొదలెట్టాల్సిన టైములోనే హాయిగా ఖర్చు పెట్టేయొచ్చు. పైగా టైమర్ తీసేయడానికి పాస్‌వర్డ్ అడగదు, పెట్టిన చోటే తీసేయొచ్చు. ఇంటికి తాళం వేసి తాళంచెవి గుమ్మానికే తగిలించినట్టు.

అసలు సరుకు ఫోకస్ మోడ్. మనల్ని లాగేసే యాప్‌లు ఏవో టిక్ పెట్టి, ఏ రోజుల్లో ఎన్నింటి నుంచి ఎన్నింటి వరకు అన్నది షెడ్యూల్ చేస్తే చాలు, రోజూ గుర్తుపెట్టుకుని ఆన్ చేసే పని లేదు. ఆ టైములో ఆ యాప్‌లు తెరుచుకోవు, వాటి నోటిఫికేషన్లు కూడా రావు. మిగతావన్నీ, అంటే కాల్స్, ఎస్సెమ్మెస్, యూపీఐ, బ్యాంకు యాప్ మామూలుగానే పనిచేస్తాయి. నాలాంటివాళ్లకి కావాల్సింది సరిగ్గా ఇదే. దీన్నీ ఆఫ్ చేసేయొచ్చు, నిజమే, కానీ షెడ్యూల్ ఉంటే మర్నాడు మళ్లీ దానంతటదే మొదలవుతుంది. అప్పుడప్పుడు మనసు లాగితే "బ్రేక్" నొక్కొచ్చు, 5, 15, 30 నిమిషాలు అని అడుగుతుంది, ఆ టైము అవగానే రీల్ మధ్యలో ఉన్నా ఆపేస్తుంది. నేను 30 జోలికి పోను.

లోపాలు ఉన్నాయి. వాట్సాప్‌ని మన పనిలో మూయలేం కాబట్టి ఫోకస్ మోడ్ అక్కడ చేతులెత్తేస్తుంది. చుట్టాల గ్రూపులు, అపార్ట్‌మెంట్ గ్రూపు అన్నీ ఆర్కైవ్‌లోకి తోసేయడమే మార్గం, కొత్త మెసేజ్ వచ్చినా అవి పైకి రావు. (పిన్నికి కోపం వస్తే సాయంత్రం ఫోన్ చేసి మాట్లాడండి.) ఇంకొకటి, యాప్ మూసినా క్రోమ్‌లో అదే సైటు తెరుచుకుంటుంది, అక్కడ లాగౌట్ చేసి పెట్టుకోండి.

వేరే యాప్‌లు లేవా అంటే ఉన్నాయి. ఫారెస్ట్‌లో టైమర్ పెట్టగానే ఒక మొక్క మొలుస్తుంది, మధ్యలో వదిలేసి వెళ్తే వాడిపోతుంది, పరీక్షలకి చదివే పిల్లలకి సరదాగా ఉంటుంది, పది నిమిషాలకోసారి ఫోన్ తీయాల్సిన వాళ్లకి మాత్రం అడవి పెరగదు. వన్ సెక్ ఇంకో పద్ధతి: ఇన్‌స్టా తెరవబోతే ముందు ఊపిరి పీల్చి వదలమంటుంది, తర్వాత "ఇంకా తెరవాలా?" అని అడుగుతుంది. ఐడియా నాకు నచ్చింది. కానీ ఆండ్రాయిడ్‌లో దానికి యాక్సెసిబిలిటీ పర్మిషన్ ఇవ్వాలి. ఆ పర్మిషన్ ఉన్న యాప్‌కి స్క్రీన్ మీద ఏముందో తెలిసే వీలుంటుంది, క్లయింట్ల బ్యాంకు వివరాలు, ఓటీపీలు తిరిగే ఫోన్‌లో అది ఏ యాప్‌కీ ఇవ్వడం నాకిష్టం లేదు. మీ ఫోన్‌లో అలాంటివి లేకపోతే వాడి చూడండి.

ల్యాప్‌టాప్ సంగతి వేరే, అక్కడ ఫోకస్ మోడ్ రాదు. నన్ను అక్కడ ఎక్కువ లాగేది యూట్యూబ్, ప్రభుత్వం ఇచ్చే కొత్త జీఎస్టీ నోటిఫికేషన్ల మీద వివరణలు కూడా అందులోనే చూడాలి కాబట్టి మూయలేం. దానికి అకౌంట్‌లో వాచ్ హిస్టరీ ఆఫ్ చేసి పాతదంతా తుడిచేయండి, హోమ్ పేజీ ఖాళీగా కనిపిస్తుంది, ఏం కావాలో వెతుక్కుని చూసుకోవడమే.

ఫోకస్ మోడ్‌కి ఐదుకి నాలుగు. టైమర్‌కి ఒకటిన్నర, అది కూడా ఉచితం కాబట్టి.