జాగ్రత్త: ‘ఉర్దూ పని వచ్చు’ అన్న డీటీపీ షాపుకల్లా కుడి బైండింగ్ రాదు

హైదరాబాద్‌లో ఉర్దూ కామిక్ గానీ, జపాన్ మాంగా పద్ధతిలో కుడి నుంచి ఎడమకు నడిచే కామిక్ గానీ అచ్చు వేయించాలనుకుంటున్నారా? అడ్వాన్స్ చేతిలో పెట్టేముందు ఇది చదవండి. పేజీ సెట్టింగ్, ప్రింటింగ్, బైండింగ్ అన్నీ ఒకే చోట అయిపోతాయని మేం ఒక షాపుకు ఇచ్చి ఇరుక్కుపోయాం. డబ్బు సంగతి ఇంకా తేలలేదు కాబట్టి షాపు పేరు రాయడం లేదు. పేరు కన్నా వాళ్లు ఏం చేశారో తెలిస్తేనే మీకు పనికొస్తుంది.

పిల్లల కోసం 32 పేజీల ఉర్దూ కామిక్. బొమ్మలు నావి, మాటలు నా స్నేహితురాలివి. మొదటి గీత నుంచీ ఉర్దూకని గీసిందే. ప్రతి పేజీలో తొలి ప్యానెల్ పైన కుడి మూలన ఉంటుంది, కథ అక్కణ్ణుంచి ఎడమకు పోయి కింది వరుసకు దిగుతుంది. పుస్తకం కుట్టు కుడి పక్కన ఉండాలి. ఇవన్నీ షాపాయనకు నోటితో చెప్పడమే కాదు, కాగితం మీద గీసి మరీ ఇచ్చాను. “ఏం ఫికర్ చెయ్యకు అక్కా, ఉర్దూ పెండ్లి కార్డులు ఎన్ని కొట్టినమో లెక్కనే లేదు” అన్నాడు. నిజమే, గోడ నిండా కార్డులే. కానీ కార్డుకు, పోస్టరుకు పేజీలు తిప్పే పని ఉండదు. ఉర్దూ టైపింగ్ సాఫ్ట్‌వేర్ ఇన్‌పేజ్‌లో టకటకా కొట్టగలిగిన మనిషికి కుడి వైపు కుట్టే పుస్తకం ఎలా అమర్చాలో తెలిసి ఉండాలని ఏమీ లేదు. అవి రెండు వేరు వేరు పనులు.

ప్రూఫు వచ్చింది. మూడో పేజీలో మా హీరో ఎడమ చేత్తో బిర్యానీ తింటున్నాడు! తిరగేస్తే, వాళ్ల నానమ్మ పైట కుడి భుజం మీద ఉంది. సిటీ బస్సు డ్రైవరు ఎడమ పక్కకు మారిపోయాడు. బండి మీద రాసిన ‘ఇరానీ చాయ్’ అక్షరాలు తిరగబడ్డాయి. చార్మినార్‌ను ఎటు తిప్పినా చార్మినారే కాబట్టి అది బతికిపోయింది అనుకున్నాను గానీ, 1889లో దానికి పెట్టిన గడియారం అంకెలు వెనక్కి నడుస్తున్నాయి.

జరిగిందేమిటంటే, వాళ్ల దగ్గరున్నది పేజీలు అమర్చే అడోబీ సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్, అదీ మామూలు ఇంగ్లీష్ వెర్షన్. అందులో డాక్యుమెంట్ సెటప్ తెరిస్తే బైండింగ్ ఎటు అన్న ఆప్షనే కనబడదు. కనబడలేదని ఆపరేటర్ ప్రతి పేజీనీ ఫొటోషాప్‌లో అడ్డంగా ఫ్లిప్ చేసి, ఎడమ కుట్టు ఫైల్లో పెట్టేశాడు. ఆపైన ఇన్‌పేజ్‌లో కొట్టిన మాటలను బొమ్మలుగా మార్చి బెలూన్లలో అతికించాడు. ఇప్పుడు ప్యానెళ్లు ఎడమ నుంచి కుడికి, బెలూన్లో అక్షరాలు కుడి నుంచి ఎడమకు. ఉర్దూ చదివేవాళ్ల కన్ను అలవాటుగా కుడి ప్యానెల్ మీదికే పోతుంది. అక్కడ ‘అత్తాపూర్‌కు’ అని జవాబు ఉంటుంది, ‘ఎక్కడికి పోతున్నవ్?’ అన్న ప్రశ్న ఆ తర్వాత వస్తుంది.

గట్టిగా అడిగితే రెండో ప్రూఫు ఇచ్చారు. ఈసారి ఫ్లిప్ తీసేశారు, ఫైలు మాత్రం అదే ఎడమ కుట్టు. కుడి కుట్టు పుస్తకంలో సరి సంఖ్య పేజీలు కుడి వైపు, బేసి పేజీలు ఎడమ వైపు పడాలి. వీళ్ల ఫైల్లో అది తారుమారు. నడిమి పేజీలు 16, 17 కలిపి మూసీ మీద పురానాపూల్ గీశాను, 1578లో కట్టిన వంతెన. ప్రూఫులో రెండు ఒడ్లూ పేజీ మధ్యలో వచ్చి కలుసుకున్నాయి, వంతెన నడుము చెరి సగమై రెండు బయటి అంచులకూ పోయింది. లోపలి మార్జిన్ కూడా బయటికి పోవడంతో కొన్ని బెలూన్ల అంచులు కుట్టులోకి దిగిపోయాయి. దాన్ని చూపిస్తే “గింత చిన్న దానికి ఎవరు చూస్తరక్కా” అన్నారు.

ఇక బిల్లు. అందులో ‘అరబిక్ వెర్షన్ సాఫ్ట్‌వేర్ చార్జీ’ అని వేరే లైను. ఇది ముఖ్యంగా గుర్తుపెట్టుకోండి: అడోబీ వాళ్ల క్రియేటివ్ క్లౌడ్ చందా ఉన్నవాళ్లకు దానికి పైసా అదనం కాదు. క్రియేటివ్ క్లౌడ్ యాప్ ప్రిఫరెన్సెస్‌లో ఇన్‌స్టాల్ భాషను అరబిక్ సపోర్ట్ ఉన్న ఇంగ్లీష్‌కు మార్చి, ఇన్‌డిజైన్ మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే చాలు. మెనూలు ఇంగ్లీష్‌లోనే ఉంటాయి, డాక్యుమెంట్ సెటప్‌లో బైండింగ్ రైట్ టు లెఫ్ట్ వచ్చేస్తుంది. అది కూడా అక్కర్లేదనుకుంటే, మామూలు వెర్షన్‌లోనే పేజీ బైండింగ్ మార్చే ఒక్క లైను స్క్రిప్టు రన్ చేసినా పని జరుగుతుంది. ఒకసారి అలా సేవ్ చేసిన ఫైలు ఇంగ్లీష్ వెర్షన్‌లో తెరిచినా కుడి కుట్టుగానే ఉంటుంది. మా దగ్గర చార్జీ తీసుకున్న షాపు ఈ రెండింటిలో ఏదీ చేయలేదు.

బైండింగ్ మారినంత మాత్రాన అక్షరాలు కుదురుతాయని కాదు. ఇన్‌డిజైన్‌లోనే యూనికోడ్ ఉర్దూ పెట్టేటట్టయితే అక్షరాలను కలిపి పేర్చే ‘వరల్డ్ రెడీ కంపోజర్’ అన్న సెట్టింగ్ ఆన్‌లో ఉండాలి. లేకపోతే అక్షరాలు కలవకుండా విడివిడిగా పడతాయి. యూనికోడ్ తెలుగు పెట్టినప్పుడు ఒత్తులు ఊడి పక్కన పడటం చూసే ఉంటారు, అదీ ఇదే జబ్బు.

ఇన్‌డిజైన్‌కు ముందు వాడిన పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌ను వదలని షాపులు ఇంకా ఉన్నాయి. అక్కడ ఒక పాత చిట్కా చెబుతారు: పేజీలను తలకిందుల వరుసలో పెట్టడం, అంటే ఫైల్లో మొదటి పేజీగా పుస్తకం చివరి పేజీ. మొత్తం పేజీలు సరి సంఖ్యలో ఉంటే ఇది నిజంగానే పనిచేస్తుంది. ఆటోమేటిక్ పేజీ నంబర్లు మాత్రం వెనక నుంచి ముందుకు వస్తాయి కాబట్టి చేత్తో వేయించాలి. మీరు క్లిప్ స్టూడియో పెయింట్‌లో గీసేవాళ్లయితే ఈఎక్స్ ఎడిషన్‌లో పేజీలన్నీ ఒకే ప్రాజెక్టుగా ఉంచి, బైండింగ్ కుడి వైపని ఎంచుకోవచ్చు. మీ సరుకు మీ దగ్గరే సరైన వరుసలో ఉంటే ఆపరేటర్ ఏం చెప్పినా పోల్చి చూసుకోవడానికి వీలుంటుంది.

“పీడీఎఫ్‌లో చూడండి, కరెక్టుగా ఉంది” అంటే నమ్మి ఊరుకోకండి. అక్రోబాట్‌లో డాక్యుమెంట్ ప్రాపర్టీస్‌లో బైండింగ్ రైట్ ఎడ్జ్ అని మార్చేస్తే స్క్రీన్ మీద రెండేసి పేజీలు చక్కగా కుడి నుంచి ఎడమకు కనిపిస్తాయి. ప్రెస్సులో షీటు మీద పేజీలు ఎలా పరుస్తారో దానికీ దీనికీ సంబంధం లేదు.

అందుకే అడ్వాన్స్‌కు ముందు మడత పెట్టిన డమ్మీ అడగండి. ఎనిమిది పేజీలది చాలు. రెండు ఏ4 కాగితాలు, రెండు వైపులా ప్రింటు, మధ్యలో మడిచి సెంటర్ పిన్. బయటి కాగితాన్ని విప్పి పరిస్తే బయటి వైపు ఎడమ సగంలో 1, కుడి సగంలో 8 ఉండాలి. అది తిరగబడి ఉంటే అక్కడే ఆపేయండి. రెండు పేజీలు కలిపి ఉన్న బొమ్మ, ఏదైనా రాత ఉన్న బొమ్మ ఒక్కోటి ఆ డమ్మీలో తప్పకుండా పెట్టించండి. మంచి షాపుకు ఇది పది నిమిషాల పని. సణిగే షాపయితే బయటికి వచ్చేయండి.

ఆర్డరు కాగితం మీద ‘కుడి వైపు బైండింగ్, బొమ్మలు ఫ్లిప్ చేయరాదు’ అని రాయించి సంతకం తీసుకోండి. మా దగ్గర ఉన్న బలం ఆ కాగితమే. గొడవైతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు, 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. ఒక్క మెలిక ఉంది. పుస్తకం అమ్మకానికి వేయిస్తున్నారని తెలిస్తే ‘ఇది వ్యాపారం, నువ్వు వినియోగదారుడివే కాదు’ అని అవతలివాళ్లు వాదిస్తారు. సొంతంగా చేసుకుంటూ బతుకుదెరువు కోసం చేసే పనికి చట్టంలో మినహాయింపు ఉంది, దానికి సంబంధించిన కాగితాలు దగ్గర పెట్టుకోండి.

ఛత్తాబజార్‌లో గానీ, చిక్కడపల్లి వైపు గానీ కుడి బైండింగ్ కామిక్ నిజంగా వేసిన ప్రెస్సు మీకు తెలిస్తే చెప్పండి. వాళ్లు వేసిన పుస్తకం ఫొటో కుట్టు కనిపించేలా తీసి పంపండి, పెళ్లి కార్డుల ఫొటోలు వద్దు.