జెఫర్సన్ వీధిలో ఆకుపచ్చ చిలకీలెస్

మా ఇంట్లో ఆదివారం పొద్దున పొయ్యి వెలిగించం. ఆ నియమం పెట్టింది నేనే, ఇప్పటిదాకా మా ఆయన ఎదురు చెప్పలేదు. డాలస్ పక్కనున్న ఇర్వింగ్‌లో కాపురం పెట్టి తొమ్మిదేళ్లయింది. కారులో పది నిమిషాలు వెళ్తే పెసరట్టు దొరుకుతుంది, ఇంకో ఐదు నిమిషాలు వెళ్తే పునుగులు. దాంతో టెక్సస్‌లో ఉంటూ గుంటూరు టిఫినే తింటూ కాలం గడిపేశాం. ఈ వేసవిలో నాకే విసుగొచ్చింది. డాలస్ నిండా మెక్సికో వాళ్లే ఉంటే వాళ్లు పొద్దున ఏం తింటారో మనకు తెలియకపోవడం ఏమిటని అడిగాను. "నేను గుడ్డు దాటను, గుర్తుపెట్టుకో" అన్నారు ఆయన. సరే అన్నాను.

ఎక్కడికి వెళ్లినా ఒకటే వంటకం అడగాలని నిర్ణయించుకున్నాను. అది చిలకీలెస్. నిన్న మిగిలిన టోర్టియాలను, అంటే పల్చటి మొక్కజొన్న రొట్టెలను, ముక్కలు కోసి నూనెలో వేయిస్తారు. మరుగుతున్న సల్సాలో, అంటే వాళ్ల పచ్చడిలో, వేసి కాసేపు తిప్పుతారు. పైన పల్చటి క్రీము, పొడిపొడిగా ఉండే తెల్ల చీజు, పచ్చి ఉల్లిపాయ, గుడ్డు. మిగిలిన ఇడ్లీలను పొడిచేసి తాలింపు పెట్టే తెలివే ఇక్కడా. చూడటానికి సులువే గానీ, కష్టమంతా సమయంలో ఉంది. తొందరపడితే చిప్స్ మీద పచ్చడి పోసినట్టు ఉంటుంది, ఆలస్యమైతే అంబలి అవుతుంది. అంచు కరకరలాడాలి, మధ్యలో మెత్తబడాలి.

మొదటి ఆదివారం ఊళ్లో అందరూ ఫొటోలు పెట్టే ఒక చోటికి వెళ్లాం. పేరు రాసుకుని, ఫోనుకు సందేశం వస్తుందన్నారు. యాభై అయిదు నిమిషాలకు వచ్చింది. లోపల పాటల మోత, ప్రతి బల్ల మీదా గడ్డకట్టిన మార్గరీటా అనే మత్తు పానీయం. ఆ పానీయాన్ని తిప్పే యంత్రం పుట్టింది ఈ ఊళ్లోనే. 1971లో మరియానో మార్టినెజ్ అనే హోటలు యజమాని మెత్తటి ఐస్‌క్రీము తీసే యంత్రాన్ని మార్చి దాన్ని తయారు చేశాడు. ఇప్పుడది వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. ఊరికి ఆ గర్వం ఉండొచ్చు, కానీ పొద్దున పదింటికి నాకు కావలసింది అది కాదు. పందొమ్మిది డాలర్ల చిలకీలెస్ వచ్చాయి. పొట్లంలోంచి తీసిన చిప్స్, వాటి మీద చెంచాడు సల్సా, పక్కన ఒక పువ్వు. పువ్వు బాగుంది.

రెండో వారం టెక్స్-మెక్స్ హోటలు. దీన్ని నేను తిట్టను. అది టెక్సస్‌లో పుట్టి పెరిగిన వేరే వంట, దాని రుచి దానిది. జీలకర్ర దండిగా వేస్తారు కాబట్టి మా ఆయనకు నచ్చింది కూడా. అయితే అక్కడ చిలకీలెస్ కరిగిన పసుపు చీజు కింద ఎక్కడో ఉన్నాయి, వెతికి తీయాల్సి వచ్చింది. మూడో వారం ఒక మెక్సికన్ సూపర్‌మార్కెట్ లోపలి కౌంటరులో తిన్నాం. రుచి మంచిదే, డబ్బూ తక్కువే. కానీ పక్కన చేపలు తూచుతుంటే, తోపుడు బండ్లు మోకాళ్లకు తగులుతుంటే ఆదివారం అనిపించలేదు.

నాలుగో వారం దొరికిన చోటు మేం వెతికింది కాదు. డాలస్ డౌన్‌టౌన్‌ నుంచి చూస్తే ట్రినిటీ నదికి అవతల ఓక్ క్లిఫ్ అనే పాత పేట ఉంది. అక్కడి జెఫర్సన్ బులవార్డ్‌లో స్నేహితుల ఇంటికి వెళ్తూ ఉంటే టైరు దిగిపోయింది. అధ్యక్షుడు కెన్నెడీ హత్య జరిగిన రోజు, 1963 నవంబరు 22న, ఆయన్ను కాల్చాడన్న ఆస్వాల్డ్‌ను పట్టుకున్న టెక్సస్ థియేటరు ఆ వీధిలోనే ఉంది. దుకాణాల బోర్డులు సగానికి పైగా స్పానిష్‌లో ఉంటాయి. పుట్టినరోజు గౌన్లు, బూట్లు, డబ్బు పంపే కొట్లు. టైరు కుర్రాడు గంట పడుతుందన్నాడు. తినడానికి ఏమైనా ఉందా అంటే గడ్డంతో ఎదురు వరస చూపించి, "అమ్మ వండినట్టు ఉంటుంది" అన్నాడు. అది అతను ఎవరికైనా చెప్పే మాటే అనుకున్నాను.

ఆ హోటలు పేరు ఇక్కడ రాయను. ఉన్నవి ఎనిమిది బల్లలు. రాస్తే వచ్చే ఆదివారం నాకు కుర్చీ ఉండదు.

తలుపు తీయగానే మొక్కజొన్న వాసన వచ్చింది. ఉడికిన కంకి వాసన కాదు, అందులో తడిసిన సున్నం వాసన కూడా ఉంది. మొక్కజొన్న గింజలను సున్నపు నీళ్లలో ఉడికించి, నానబెట్టి, పొట్టు పోయేలా కడిగి రుబ్బుతారు. ఆ సున్నం వల్లే పిండికి జిగురు వస్తుంది, ఒంటికి పట్టే గుణమూ పెరుగుతుంది. మనం తమలపాకుకు రాసుకునే సున్నానికి ఇలాంటి బంధువు ఉందని నాకు ఆ రోజే తెలిసింది. కౌంటరు వెనక అరవై దాటిన ఒకావిడ నిమ్మకాయంత ముద్ద తీసి, రెండు ప్లాస్టిక్ కాగితాల మధ్య పెట్టి, ఇనప ప్రెస్సుతో ఒక్క నొక్కు నొక్కి, పెనం మీదకు జారవిడుస్తున్నారు. వేలి కొసతోనే తిప్పుతారు. మూడోసారి తిప్పాక టోర్టియా పుల్కాలా పొంగుతుంది. పొంగనిది పక్కన బుట్టలో పడుతుంది. ఆ బుట్ట ఎవరి కోసమో అడగలేదు, రేపటి చిలకీలెస్ కోసమే అయ్యుంటుంది.

వంటల్లో మాంసం గానీ కొవ్వు గానీ ఉందా అని మా ఆయన ముందుగా అడిగే ప్రశ్న ఇక్కడా అడిగారు. శాకాహారులు ఈ మాట కంఠతా పట్టాలి. మంతేకా అంటే పందికొవ్వు. చిక్కుడు గింజలను మెదిపి వేయించే వంటకంలో చాలాచోట్ల అదే వేస్తారు. అన్నం కూడా తరచుగా కోడి రసంలో వండుతారు. మాంసం ముక్క కనిపించకపోతే చాలదన్నమాట. బల్ల దగ్గరకు వచ్చిన అమ్మాయి వంటింట్లోకి వెళ్లి కనుక్కుని వచ్చింది. గోధుమరంగు చిక్కుళ్లలో మంతేకా ఉంది, నల్లవి నూనెతో చేశారు, అన్నం వద్దు. మొదటి చోట ఇదే ప్రశ్నకు "ఉండకపోవచ్చు" అన్నారు. ఈ తేడాకే నేను సగం మార్కులు వేసేశాను.

నాకు ఆకుపచ్చ చిలకీలెస్ వచ్చాయి. ఆ రంగు టొమాటియో అనే కాయది. చేలగట్ల మీద కాగితపు బుడ్డలాంటి పొరలో కాసే చిన్న పళ్లు మీకు గుర్తుంటే, ఇది వాటికి పెద్దక్క. పులుపు చింతకాయంత గట్టిది కాదు, పచ్చి టమాటా కంటే పదునైనది. మొదటి ముక్క అంచు నోట్లో విరిగింది, మధ్య భాగం నాలుక మీద కరిగింది. తినడం ఆపి పళ్లెం వంక చూశాను. మూడు వారాలు వెతికిన సమయం ఇక్కడ సరిగ్గా కుదిరింది.

ఆయన ఒక గుడ్డు ఎర్ర సల్సాలో, ఒకటి ఆకుపచ్చ సల్సాలో ఉన్న పళ్లెం తీసుకున్నారు. దాని పేరుకు అర్థం విడాకులు తీసుకున్న గుడ్లు. రెంటి మధ్యా చిక్కుళ్లు అడ్డుగోడ. "కోర్టు ఖర్చు ఈ టోర్టియాలేనా?" అంటూ మొదలుపెట్టి, బల్ల మీద సీసాలో ఉన్న నారింజరంగు క్రీము ధారాళంగా పోసుకున్నారు. మయొనీస్ అనుకున్నారట. అది ఎండుమిరపకాయలను వేయించి నూనెతో చిలికిన సల్సా, అందులో పాలచుక్క కూడా ఉండదు. గుంటూరులో పుట్టినవాడు నీళ్లు అడగకూడదన్న పట్టుదలతో ఆయన గోడ మీది గడియారం చూస్తూ కూర్చున్నారు. కౌంటరు వెనకావిడ ఏమీ అనకుండా గ్లాసుడు హమైకా పంపించారు. గోంగూర జాతి మొక్క కాయ చుట్టూ ఉండే ఎర్రటి రేకులను మరిగించి, చక్కెర వేసి చల్లార్చిన నీళ్లు అవి. మనం ఆకు తింటాం, వాళ్లు రేకులు తాగుతారు.

తర్వాత మూడుసార్లు వెళ్లాం. నోపాలెస్ వేసిన గుడ్లు తిన్నాను. అంటే నాగజెముడు మట్టలు ముళ్లు తీసి తరిగినవి. కాస్త పులుపు, కాస్త బెండకాయ జిగురు. మా ఊళ్లో దొడ్డి చుట్టూ కంచెగా ఉండేది, మేకలు కూడా దాని జోలికి వెళ్లేవి కావు. కాఫీ మట్టి కప్పులో ఇస్తారు, దాల్చినచెక్క, పిలోన్సియో అనే చెరకు బెల్లం వేసి కాచినది. డికాక్షన్ చిక్కదనం ఆశిస్తే నిరాశే. బెల్లం కాఫీ అనుకుంటే హాయిగా ఉంటుంది. శని, ఆదివారాల్లో మెనూడో ఉంటుంది. బోటిని గంటల తరబడి ఉడికించిన ఎర్రటి పులుసు అది, తెలంగాణలో బోటి తినేవాళ్లకు కొత్తగా అనిపించదు. పదకొండు దాటితే దొరకదు.

లోపాలూ ఉన్నాయి. పొయ్యి ఒకటే, నలుగురు కలిసి వెళ్తే నాలుగు పళ్లేలు నాలుగు వేళల్లో వస్తాయి. టీవీ మోత ఎక్కువ. పసిపిల్లలకు ఎత్తు కుర్చీ ఒకటే ఉంది, దాని బెల్టు పనిచేయదు. మధ్యాహ్నం రెండింటికి మూసేస్తారు. కారు వీధిలోనే పెట్టుకోవాలి. కారు వద్దనుకుంటే డౌన్‌టౌన్‌లోని యూనియన్ స్టేషన్ నుంచి ఓక్ క్లిఫ్‌లోని బిషప్ ఆర్ట్స్ దాకా ట్రాము ఉంది, అక్కడ దిగి పావుగంట నడవాలి. ఇద్దరికి కాఫీలతో కలిపి ముప్ఫై డాలర్లు దాటలేదు. మొదటి చోట ఒక్క పళ్లెం, ఒక పానీయం కలిపితే అంతయింది.

నాలుగోసారి వెళ్లినప్పుడు కౌంటరు వెనకావిడ నన్ను మీహా అని పిలిచారు. అంటే "నా కూతురా" అని, మన పెద్దవాళ్లు "అమ్మాయీ" అన్నట్టు. అందరినీ అలాగే పిలుస్తారని ఆ పూట బల్లలన్నీ విన్నాక తెలిసింది. అయినా బాగానే ఉంది.

వచ్చే నెల మా అత్తయ్యగారు వస్తున్నారు. ఆవిడ గుడ్డు కూడా ముట్టరు, కార్తీకంలో ఉల్లి, వెల్లుల్లి కూడా. నల్ల చిక్కుళ్లు, నాగజెముడు, పొంగిన టోర్టియాలు అని లెక్క వేసుకుంటున్నాను. చిక్కుళ్లలో వెల్లుల్లి పడుతుందా అని ఈ ఆదివారం ఆ అమ్మాయిని మళ్లీ వంటింట్లోకి పంపాలి.