ఎర్లీ సైకోసిస్ టీమ్‌తో మూడేళ్లు: ఇంట్లో చూసుకునేవాళ్ల వైపు నుంచి

మేముండేది ఇంగ్లాండ్‌లో. మాస్టర్స్ కోసం వచ్చి మా ఇంట్లోనే ఉంటున్న తమ్ముడికి సైకోసిస్ (లేని మాటలు వినిపించడం, లేనిపోనివి నిజమని గట్టిగా నమ్మడం లాంటి మానసిక సమస్య) మొదలైనప్పుడు జీపీ, అంటే ఇక్కడి ఫ్యామిలీ డాక్టరు, మమ్మల్ని ఎర్లీ ఇంటర్వెన్షన్ టీమ్‌కి పంపారు. ఎన్‌హెచ్‌ఎస్ (ఇక్కడి ప్రభుత్వ వైద్యం) సేవ కాబట్టి విడిగా ఫీజేమీ లేదు. వీసా అప్పుడు కట్టిన హెల్త్ సర్‌ఛార్జ్‌లోనే అయిపోయింది. ఇలాంటిది ఒకటుందని మనవాళ్లలో తెలిసినవాళ్లు తక్కువ, వాడుకున్నా బయటికి చెప్పేవాళ్లు ఇంకా తక్కువ. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

14 నుంచి 65 ఏళ్ల లోపు వాళ్లకి మొదటిసారి సైకోసిస్ వస్తే ఈ టీమ్ చూస్తుంది. రిఫర్ చేసిన రెండు వారాల్లో చికిత్స మొదలవ్వాలన్నది 2016 నుంచి ఉన్న లక్ష్యం. మామూలుగా మూడేళ్ల దాకా ఉంచుకుంటారు. డాక్టరు, సైకాలజిస్ట్, ఉద్యోగం వెతకడంలో సాయం చేసే మనిషి అందరూ ఉంటారు గానీ, మాకు అసలు అండ కేర్ కోఆర్డినేటర్, అంటే మా కేసు మొత్తం దగ్గరుండి చూసుకునే మనిషి. డాక్టరుని ఏడాదిలో ఎన్నిసార్లు చూశామో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఈవిడ మాత్రం దాదాపు ప్రతి వారం వచ్చేది.

మొదట్లో వాడు గది తలుపే తీసేవాడు కాదు. ఆవిడ బయట మెట్ల మీద కూర్చుని, మూసిన తలుపుతోనే క్రికెట్ స్కోరు మాట్లాడేది. "ఇవాళ వద్దంటే ఫర్వాలేదు, గురువారం వస్తా" అని, గురువారం సరిగ్గా అదే టైముకి వచ్చేది. కొన్ని వారాలకి వాడు బూట్లేసుకుని ఆవిడతో పార్కు దాకా నడిచాడు. మందుల గురించి మొదటి మాట ఆ నడకలోనే పడింది.

మిగతా పనులు కూడా ఆవిడ చేతి మీదే నడిచాయి. యూనివర్సిటీకి ఉత్తరం రాయించింది. సైకోసిస్ వస్తే కారు నడపడం ఆపి డీవీఎల్‌ఏకి (డ్రైవింగ్ లైసెన్సులిచ్చే ఆఫీసు) చెప్పాలని, కుదుటపడి కనీసం మూడు నెలలు నిలకడగా ఉంటేనే మళ్లీ అనుమతిస్తారని మాకు ఆవిడ చెప్పేదాకా తెలీదు. ఒలాంజపిన్ అనే సైకోసిస్ మందుతో వాడు బాగా లావెక్కుతుంటే షుగరు, కొలెస్ట్రాల్, ఈసీజీ చూపించి, డాక్టరు వెంటపడి మందు మార్పించింది.

అమ్మ గుంటూరులో. "గాలి సోకిందేమోనే, తాయెత్తు పంపిస్తా" అని రోజూ ఫోన్. ఇక్కడి మార్గదర్శకాల ప్రకారం కుటుంబంతో కనీసం పది సిట్టింగులు ఉండాలి. వాటిలో కొన్నింటికి అమ్మని వీడియో కాల్‌లో కూర్చోబెట్టాం, తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని వాళ్లే పెట్టారు. కోఆర్డినేటర్ తాయెత్తుని తీసిపారెయ్యలేదు, నవ్వలేదు. మందు ఎందుకు ఆపకూడదో ఓపిగ్గా చెప్పింది. చివరికి అమ్మే "తాయెత్తు కట్టుకో నాన్నా, మాత్ర కూడా వేసుకో" అంది. నేను నెలల తరబడి చెప్పి చేయించలేని పని అది.

ఒక విషయంలో మొదట్లో నాకు మండిపోయింది. వాడు సంతకం పెట్టేదాకా వాడి సంగతులేవీ నాకు చెప్పరు. కానీ నేను చెప్పేది వినడానికి ఆ అడ్డు లేదు. ఈ తేడా తెలిశాక, రాత్రి ఏం జరిగిందో పొద్దున్నే మెసేజ్ పెట్టేదాన్ని. తర్వాత ముగ్గురం కూర్చుని, మళ్లీ తిరగబెడుతోందని ఎలా గుర్తుపట్టాలో కాగితం మీద రాసుకున్నాం. నిద్ర తగ్గడం అందరూ రాసేదే. వాడికి మాత్రం మొదటి గుర్తు, వైఫై రూటర్ ప్లగ్ పీకేసి ఎందుకని అడిగితే కోపగించుకోవడం. అది వాడే చెప్పి రాయించాడు. రెండో ఏడాది ఒకసారి ప్లగ్ ఊడి ఉంది. మర్నాడే ఫోన్ చేశాం, డోసు సరిచేశారు, హాస్పిటల్ దాకా పోలేదు.

నా గురించి కూడా అడిగారు. కేర్ యాక్ట్ 2014 కింద చూసుకునేవాళ్లకి కౌన్సిల్ (స్థానిక ప్రభుత్వం) నుంచి విడిగా కేరర్స్ అసెస్‌మెంట్, అంటే వాళ్లకి ఏం సాయం కావాలో చూడటం, ఉంటుంది. పెద్దగా డబ్బేమీ రాదు, కానీ దాని వల్లే నేను ఆఫీసులో టైమింగ్స్ మార్చమని అడగగలిగాను.

ఇక బాగోలేనివి. మధ్యలో ఆవిడ వేరే ఉద్యోగానికి వెళ్లిపోయింది. కొత్తతను వచ్చేలోపు చాలా వారాలు ఎవరికి ఫోన్ చెయ్యాలో తెలియని టెన్షన్. వచ్చాక కథంతా మళ్లీ మొదట్నుంచి చెప్పించాడు, తమ్ముడు విసుక్కుని రెండుసార్లు కలవనన్నాడు. మనిషి మీద నడిచే సేవలో మనిషి మారితే ఇంతే అనుకోవచ్చు గానీ, ఇద్దరూ కలిసి ఒక్కసారి ఇంటికొచ్చి వెళ్లినా ఇంత ఇబ్బంది ఉండేది కాదు. మీకూ ఇలా జరిగితే ఆ ఒక్కటి పట్టుబట్టి అడగండి. రాత్రిపూట అత్యవసరమైతే ఫోన్ చేసే క్రైసిస్ లైన్ కూడా అంతంతమాత్రమే. టీ తాగి పడుకోమన్నారు ఒకాయన.

ఇండియాలో ఉన్నవాళ్లు అడుగుతున్నారు కాబట్టి: ఇలా ఇంటికొచ్చే మనిషి అక్కడ అరుదు, ఆ పని ఎక్కువగా కుటుంబమే చేస్తుంది. ముందు ఎక్కడికెళ్లాలో తెలుసుకోవడానికి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 ఉంది, తెలుగులో మాట్లాడతారు.

మూడేళ్లయ్యాక మమ్మల్ని తిరిగి జీపీకి అప్పగించారు. తమ్ముడు ఇప్పుడు పార్ట్ టైమ్ చేస్తున్నాడు, మాత్ర తగ్గించుకోవచ్చా అని అడుగుతున్నాడు. ఆ నిర్ణయం తన చేతిలో లేదంటున్నారు జీపీ. స్పెషలిస్ట్‌కి రాశారట, అపాయింట్‌మెంట్ ఇంకా రాలేదు.